పది నిమిషాల పాత ఆకాశం

ఎనుమాముల యార్డుల మైకు నా చేతిల ఉంటది.
పొద్దున జెండా పాట ధరలు చదువుత,
పగటీలి పోయిన ఫోన్ల గురించి, అడ్డం పెట్టిన ట్రాలీల గురించి చెప్త.
మిర్చి సీజన్ల మాత్రం
వాన గురించి సుత నేనే చెప్పాలె.

ఫోన్ల రాడారు బొమ్మ.
ఆకుపచ్చంటే తుంపర, పసుపంటే జల్లు,
ఎరుపంటే
ఇక్కడ నా కిటికీ అవతల ఎరుపంటే ఏడాది కష్టం,
చపాటా, తేజ, గోనెలు విప్పిన కుప్పలు.
బొమ్మల ఎరుపు దాని మీదికే వస్తున్నది.

మూడున్నరకు జనగామ.
నాలుగింటికి ఘన్‌పూర్.
వేలు పెట్టి కొలిచిన, పది నిమిషాలకు ఒక గోరు.
ధర్మసాగరం రెండు గోర్లు, కాజీపేట మూడు,
మనం నాలుగున్నర.
విద్య ఇంతే.
నడిచేది ఇట్లనే నడుస్తదనుకునుడు,
మబ్బుకు మనసు మారదనుకునుడు.

పోయిన బుధవారం గిట్లనే కొలిచి
గొంతు పోయేటట్టు అరిచిన.
యార్డంత పరదాలు లేచినయి, కాంటాలు ఆగినయి.
మరక మడికొండ దాక వచ్చి
ఎవరో పిలిచినట్టు వెనక్కు తిరిగి
లేకుంట పోయింది.
ఎండ కొట్టింది.
పరదాల కింద కాయకు చెమట పట్టింది.
తేమ ఉన్నదని ఖరీదుదారుడు క్వింటాలుకు ఎనిమిదొందలు కోస్తే
నల్లబెల్లి మొగిలి
పట్టీ మడిచి జేబుల పెట్టుకొని నా కిటికీ కాడ ఆగిండు.
తిట్టలేదు.
"వాన పడితే దేవుణ్ని అంటుంటిమి సారూ,
పడకపోతే ఎవర్ని అనాలె?"

రాడారు ఉండేది హైదరాబాదుల.
దాని చూపు నేల వెంబడి రాదు,
భూమి వంపు తిరిగిపోతది గద,
వరంగల్ దాక వచ్చేసరికి
రెండు కిలోమీటర్ల పైనుంచి పోతది.
మా నెత్తి మీద ఏమున్నదో చూస్తది,
మా నెత్తి మీద ఏం పడ్డదో దానికి తెల్వదు.
నడిమిట్ల ఆరిపోయిన చినుకు గురించి
దానికి ఎవ్వరు చెప్పరు.
పైంగ బొమ్మ తయారై నా దాక వచ్చేసరికి పది నిమిషాలు.
అంటే నేను చూసేది ఆకాశం కాదు,
ఆకాశం విడిచిపోయిన అంగీ.

గేటు కాడ రాలిన కాయ ఊడ్చే కొమురమ్మ
చీపురు ఆపి ముఖం ఎత్తింది.
"గాలి మలిగింది" అన్నది.
ఆమె మాట ఎన్నడు తప్పలేదు,
కాని ఆ మాటకు, చినుకుకు నడుమ
తాడు ముడి వేసేటంత పొద్దు సుత ఉండదు.
నా మాటల పొద్దున్నది,
నమ్మకమే లేదు.

నాలుగుంబావు.
మైకు బటన్ మీద వేలు పెట్టి
ఈసారి వాన వస్తదని అనలేదు.
"ఇసొంటి మబ్బు పదిసార్లు వస్తే ఏడుసార్లు కొడ్తది.
మూడుసార్లు నన్ను తిడ్తరు.
మీ ఇష్టం" అన్న.

యార్డు ఒక్క గడియ సప్పుడు లేదు.
తర్వాత హమాలీ ఓదెలు బీడీ చెప్పుకింద రాసి
మొదటి పరద ఇదిలిచ్చిండు.
అటు మూల నుంచి ఇంకొకటి. ఇంకో నాలుగు.
సగం మందే.
మిగిలిన పన్నెండు బస్తాలతోటి మళ్ల వచ్చిన మొగిలి
తాడు చేతిల పట్టుకొని
ఒకసారి పడమర, ఒకసారి నా కిటికీ
చూసుకుంట నిలబడ్డడు.

నాలుగు నలభై ఆరుకు రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు.
ఘాటు, మట్టివాసన కలిసి గదిలకు వచ్చి
దగ్గొచ్చింది నాకు.
బయట ఉరుకులు, కేకలు, ఎవరు ఎవరో ఆనలేదు.
ఎందుకో ఫోను తీసి చూసిన.

బొమ్మల మరక ఇంకా కాజీపేట కాడనే ఉన్నది.
ఎనుమాముల మీద ఏ రంగు లేదు.
ఆ బొమ్మల కుప్పలన్నీ పొడిగనే ఉన్నయి.
మొగిలికి ఇంకా పది నిమిషాలున్నయి.